రొప్పం వాకిట్లో లెక్క

(కర్నూలులో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ బయాలజీ టీచరు చేసిన ప్రసంగం. అక్కడక్కడా చిన్న సవరణలు తప్ప మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

మేడం గారు ఫోన్ చేసి, "శరత్కాలంలో వలస వచ్చే వేటపక్షుల గణన మీద ఒక గంట మాట్లాడండి సార్" అన్నారు. పక్కనున్న మా ఆవిడ విని, "గద్దల్ని లెక్కపెట్టడానికి అంత పెద్ద పేరా!" అంది. పేరు పెద్దదే. పని మాత్రం చిన్నది. సాయంత్రం నాలుగున్నరకు ఒక బీడు గట్టున కూర్చోవడం, చీకటి పడ్డాక లేచి ప్యాంటుకు గుచ్చుకున్న గడ్డిముళ్లు పీక్కుంటూ ఇంటికి రావడం. ముప్ఫై ఏళ్లు హైస్కూళ్లలో బయాలజీ చెప్పాను. అందులో సగానికి పైగా ఏళ్లు, దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా, నా సాయంత్రాలు ఇలాగే గడిచాయి. నేను శాస్త్రవేత్తను కాను. తప్పులు చేసి నేర్చుకున్నవాణ్ని. ఈ రోజు ఆ తప్పుల గురించే ఎక్కువ చెప్తాను, మీరు వాటిని మళ్లీ చేయకుండా.

ముందు మీలో కొందరు ఫోన్లలో చూసి ఉండే సంగతి చెప్పి ముగించేస్తాను. జార్జియా దేశంలో బటూమి అనే ఊరుంది. ఒక పక్క నల్లసముద్రం, ఇంకో పక్క కాకసస్ కొండలు. ప్రతి శరత్కాలంలో ఆ సందులోంచి 10 లక్షలకు పైగా వేటపక్షులు దక్షిణానికి పోతాయి. 2008 నుంచి అక్కడ ఏటా లెక్కపెడుతున్నారు. మెక్సికోలో వెరాక్రూజ్ దగ్గరైతే ఒక్క సీజన్లో 40 లక్షలు దాటతాయి. ఎందుకలా ఒకే చోట? మన నల్లరేగడి చేను మీద ఉదయం పదకొండుకు గాలి ఎలా సెగలు సెగలుగా లేస్తుందో చూసే ఉంటారు. బరువైన గద్దలు ఆ సెగ ఎక్కి, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. పై నుంచి జారుకుంటూ ఇంకో సెగ దాకా వెళ్తాయి. పెట్రోలు ఖర్చు లేని ప్రయాణం. సముద్రం మీద ఆ సెగ దొరకదు. అందుకే నీళ్లు అడ్డొస్తే చుట్టూ తిరిగి పోతాయి. కొండకూ నీటికీ మధ్య ఇరుకు దారి ఉంటే అన్నీ అందులోంచే దూరతాయి. అక్కడ ఒక గుట్ట మీద కుర్చీ వేసుకున్నవాడికి పండగే.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలాంటి కొండే ఒకటుంది. హాక్ మౌంటెన్. వెనకటికి ఆదివారం వస్తే జనం తుపాకులు పట్టుకుని ఆ కొండెక్కి, పోయే గద్దల్ని పోయినట్టే కాల్చేవాళ్లు. కోడిపిల్లల దొంగలని కసి. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ కొండను కౌలుకు తీసుకుంది. మారిస్ బ్రౌన్ అనే ఆయన్ని కాపలా పెట్టింది. కాపలా మనిషికి పొద్దు పోవాలి కదా! రోజూ ఎన్ని పక్షులు పోయాయో, వాటిలో ముదురువి ఎన్ని, లేతవి ఎన్ని అని రాసుకుంటూ పోయాడు. ఆయన మొదలుపెట్టిన నాటికి డీడీటీ అనే మందు పొలాల్లోకి రానేలేదు. వచ్చిన తర్వాత, కొన్నేళ్లకు, ఆ పుస్తకంలో లేత గద్దల వరుస పలచబడడం మొదలైంది. పెద్దవి పోతున్నాయి, పిల్లలు కనిపించడం లేదు. గుడ్లు పొదగడంలో ఏదో తేడా వచ్చిందని అర్థం. 1962లో రేచల్ కార్సన్ అనే రచయిత్రి, పురుగుమందుల మీద రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో ఆ అంకెల్ని సాక్ష్యంగా పెట్టింది. పదేళ్లకు అమెరికా డీడీటీని నిషేధించింది. డీడీటీ కోసం బ్రౌన్ లెక్క మొదలుపెట్టలేదు. దేనికి పనికొస్తుందో తెలియకుండానే రాశాడు. ఈ ముక్క పక్కన పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మన ఊరు. నల్లమల ఉంది, ఎర్రమల ఉంది. వాటి మీద ఎక్కడో కుర్చీ వేసుకుంటే బటూమిలా కనిపిస్తుందని నేను కూడా మొదట్లో ఆశపడ్డాను. ఒక అక్టోబరులో నాలుగు ఆదివారాలు ఒక కొండ మీద ఎండలో మాడాను. ఆకాశంలో ఊరి గద్దలు, రెండు పాముల గద్దలు, అంతే. మెడ పట్టేసింది. మనది దారి కాదని తెలియడానికి అన్ని రోజులు పట్టింది. మనది విడిది. ఇక్కడికి వచ్చేవి ఇక్కడ దిగడానికే వస్తాయి, చలికాలమంతా ఉండి మార్చి, ఏప్రిల్‌లో తిరిగి పోతాయి.

ఎవరవి? పిల్లిగద్దలు. ఇంగ్లీషులో హారియర్లు అంటారు. పిల్లిగద్ద అన్న పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్లకు దండం పెట్టాలి. దగ్గరగా చూస్తే ముఖం గుండ్రంగా, గుడ్లగూబకు ఉన్నట్టు చుట్టూ ఈకల చక్రంతో ఉంటుంది. గడ్డిలో కదిలే చప్పుడును ఆ చక్రం చెవికి చేరవేస్తుంది. ఎగరడం కూడా పిల్లి నడకే. నడుమెత్తు, తలెత్తు ఎత్తులో, రెక్కలు రెండూ కొద్దిగా పైకెత్తి పట్టుకుని, చేను మీద అటు చివర నుంచి ఇటు చివరకు, మళ్లీ ఇటు నుంచి అటు, గుంటక తోలినట్టు తిరుగుతుంది. ఉన్నట్టుండి తిరగబడి గడ్డిలో పడుతుంది. లేచేటప్పుడు కాళ్లలో మిడతో, తొండో, చిన్న పిట్టో ఉంటుంది. రెక్కలు చాపితే మూడడుగులు దాటుతుంది. తూకం చూస్తే పావుకిలో నుంచి నాలుగొందల యాభై గ్రాములు. అంత తేలిక.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి మాంటేగు హారియర్, ఇంగ్లండులో పక్షుల్ని చదివిన జార్జ్ మాంటేగు పేరు మీద. రెండోది పాలిడ్ హారియర్. రెండింటిలోనూ మగది బూడిద రంగు, ఆడది గోధుమ రంగు, తోక మొదట్లో తెల్ల పట్టీ. చెరువుల దగ్గరైతే ఇంకాస్త పెద్దది, మార్ష్ హారియర్ తిరుగుతుంది. ఇవి గుడ్లు పెట్టేది ఇక్కడ కాదు. కజకస్తాన్, దక్షిణ రష్యా వైపు గడ్డి మైదానాల్లో. అంటే మన జొన్న చేల మీద తిరిగే పిట్ట సుమారు నాలుగు వేల కిలోమీటర్ల అవతల పుట్టి ఉండవచ్చు. హస్త కార్తెలో ఒకటీ అరా కనిపిస్తాయి. చిత్త, స్వాతి కార్తెలకు బాగా దిగుతాయి. మన రైతులు పప్పుశనగ విత్తుకునే రోజులు అవే కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక.

పిల్లిగద్దలు సెగ మీదే ఆధారపడవు. రెక్క ఆడిస్తూ ఎక్కడ పడితే అక్కడి నుంచి వస్తాయి. అందుకే వీటికి ఇరుకు సందులు పెద్దగా అక్కర్లేదు. పగలంతా ఊరికొకటి, చేనుకొకటి చెల్లాచెదురుగా ఉంటాయి. పగలు లెక్కపెట్టాలంటే మండలమంతా తిరగాలి, తిరిగినా ఒకే పక్షిని నాలుగు ఊళ్లలో నాలుగుసార్లు రాస్తాం. అయితే వాటికి ఒక అలవాటుంది, అది మనకు వరం. సాయంత్రం అయ్యేసరికి పదీ పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి కూడా వచ్చి ఒకే బీట్లో పడుకుంటాయి. చెట్టు మీద కాదు, నేల మీద. మోకాలెత్తు గడ్డిలో ఒక్కొక్కటీ తన మేరకు కొద్దిగా తొక్కుకుని కూర్చుంటుంది. మన లెక్కంతా అక్కడ.

ఇక నా మొదటి తప్పు.

మా స్కూలుకు మూడు కిలోమీటర్ల దూరంలో ఒక బీడు ఉండేది, ఊరి పేరు చెప్పను. మొదటి ఏడాది లెక్కల మాస్టారిని తోడు తీసుకెళ్లాను. ఆయన ఒక గట్టున, నేను ఒక గట్టున. చీకటి పడ్డాక కాగితాలు కలిపాం. నాది 112. ఆయనది 64. ఒకే సాయంత్రం, ఒకే బీడు. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. మా ఇద్దరిలో ఎవరు తప్పు అంటే, ఇద్దరమూ. గాల్లో తిరిగేవాటిని తిరిగినట్టే లెక్కపెట్టాం. అవేమో వచ్చి వెంటనే దిగవు. బీడు మీద రెండు మూడు చుట్లు కొడతాయి. దిగి మళ్లీ లేస్తాయి. పక్క చేనులో కాసేపు కూర్చుని వస్తాయి. ఒకదాన్ని ఇంకోటి తరుముతుంది. నేను ఒక్కోదాన్ని రెండుసార్లు, మూడుసార్లు రాశాను.

దీనికి మందు చెప్పింది ఏ పుస్తకమూ కాదు. ఆ బీట్లో గొర్రెలు మేపే పెద్దాయన. రోజూ నన్ను చూస్తూ ఉండి ఒకరోజు అడిగాడు, "ఏం అయివారూ, పొద్దుగూకే యాళకు ఈడ కూచొని ఏం చూస్తాండారు?"

"గద్దల్ని లెక్కపెడుతున్నా పెద్దాయనా."

"యాడ?"

"అదో, అక్కడ తిరుగుతున్నాయి కదా."

ఆయన నవ్వాడు. "మేసే గొర్రెల్ని లెక్కబెడితే ఎవురికన్నా తేలుతాదా? రొప్పంలోకి పోయేటప్పుడు వాకిట్లో నిలబడి లెక్కబెట్టాల. లోపలికి పోయింది మళ్లా బయటికొస్తే ఒగటి తీసెయ్యాల. అంతే గదా!"

అంతే మరి. గొర్రెల్ని రొప్పంలోకి, అంటే కంప కట్టిన దొడ్లోకి, తోలేటప్పుడు ఆయన ఎలా నిలబడతాడో మరుసటి రోజు వెళ్లి చూశాను. కంప తీసిన సందు పక్కన, ఒక కాలు ముందుకు పెట్టి, చేతిలో కర్ర అడ్డంగా పట్టుకుని, జతలు జతలుగా లోపలికి వదులుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రాదు. పక్కన ఎవరైనా పలకరిస్తే బదులివ్వడు. తలకాయ వెనక్కి తిప్పడు. రొప్పం లోపల ఏం జరుగుతోందో ఆయనకు అక్కర్లేదు. ఆయన చూసేది ఆ రెండడుగుల సందును మాత్రమే.

బీడుకు కంప లేదు, సందు లేదు. కాబట్టి మనమే ఒక గీత ఊహించుకోవాలి. ఈ వేపచెట్టు నుంచి ఆ కరెంటు స్తంభం దాకా నాది. అక్కడి నుంచి ఆ రాళ్ల కుప్ప దాకా మాస్టారిది. ఆ గీత దాటి బీడు లోపలికి వచ్చింది ప్లస్ ఒకటి. దాటి బయటికి పోయింది మైనస్ ఒకటి. లోపల ఎన్ని చుట్లు కొట్టినా మనకు సంబంధం లేదు. నా ముక్కలోంచి వచ్చినవి నేను, ఆయన ముక్కలోంచి వచ్చినవి ఆయన రాస్తాం, చివరికి కూడతాం. పని సరిగ్గా జరుగుతోందా అని తేల్చుకోవడానికి ఒక వారం తర్వాత ఇద్దరం ఒకే ముక్కను, ఒకరి కాగితం ఒకరు చూడకుండా లెక్కపెట్టాం. 23, 22. ఆ రోజు మాస్టారు నాకు టీ ఇప్పించారు.

ఇంకో చిక్కుంది. బైనాక్యులర్ కళ్ల నుంచి తీసి కాగితం మీద గీత గీసేలోపు రెండు పక్షులు జారిపోతాయి. దానికి చింతగింజలు. ఎడమ జేబులో ఒక గుప్పెడు పోసుకోవాలి. లోపలికి ఒకటి వస్తే ఒక గింజ కుడి జేబులోకి. బయటికి ఒకటి పోతే ఒక గింజ చొక్కా జేబులోకి. చూపు తిప్పక్కర్లేదు. పది నిమిషాలకోసారి తీసి లెక్క చూసి రాసుకుంటాం. ఇప్పుడు బొటనవేలితో నొక్కే కౌంటర్లు వచ్చాయి, నా దగ్గరా ఒకటుంది. అయినా గింజ చేతికి తగిలితే నాకు నమ్మకం. ఒకసారి కుడి జేబు చిరిగి ఉంది, నేను చూసుకోలేదు. చీకట్లో కాళ్ల దగ్గర గింజలు ఏరుకుంటుంటే మాస్టారు టార్చి వెయ్యబోయారు, వద్దని ఆపాను. అక్కడ టార్చి వేస్తే పడుకున్నవి లేస్తాయి. ఆ రోజు పేజీలో "జేబు చిరిగింది, లెక్క లేదు" అని రాసి ఉంటుంది. కొట్టెయ్యలేదు.

ఒక పేజీ చదువుతాను. నవంబరు మొదటి వారం, మన దగ్గర పొద్దు గుంకేది సుమారు 5:45కి. "4:50 మొదలు. గాలి తూర్పు నుంచి, తక్కువ. మబ్బు లేదు. 5:10 దాకా ఏమీ రాలేదు. 5:10 నుంచి 5:20, రెండు. తర్వాతి పది నిమిషాల్లో ఆరు, ఒకటి బయటికి. తర్వాత 11. తర్వాత 19, మూడు బయటికి. తర్వాత తొమ్మిది. 6:00 దాటాక ఒకటి. ఆ పైన కనిపించడం లేదు, ఆపాం." లోపలికి 48, బయటికి నాలుగు. 44. ఇక్కడ చూడండి, 19 వచ్చినది సరిగ్గా పొద్దు గుంకే పది నిమిషాల్లో. చాలామంది ఎర్రటి సూర్యుణ్ని ఫోటో తీసుకునేది కూడా ఆ పది నిమిషాల్లోనే.

ఆ 44లో ఏవి ఏవి? మగ మాంటేగు తొమ్మిది. రెక్క పైన నల్ల గీత ఉంటుంది, తెలిసిపోతుంది. మగ పాలిడ్ నాలుగు. అది ఇంకా తెల్లగా, రెక్క కొసన సన్నటి నల్ల ముక్కతో ఉంటుంది. మార్ష్ రెండు. మిగతా 29 "గోధుమ రంగు, తెలియదు". ఆడవి, పిల్లలు. వెలుతురు బాగుండి దగ్గరగా పోతే మెడ చుట్టూ తెల్ల పట్టీ చూసి పాలిడ్ అని చెప్పొచ్చు. మసక వెలుతురులో మూడొందల మీటర్ల నుంచి చెప్పేవాణ్ని నేను నమ్మను. కొత్తగా వచ్చిన పిల్లలు ఈ "తెలియదు" గడి చూసి సిగ్గుపడతారు. 44లో 29 తెలియదంటే చేతకానివాళ్లం అనుకుంటారని. పరీక్ష పేపరు అలవాటు అది, ఖాళీ వదలకూడదని ఏదో ఒకటి రాసెయ్యడం. మాలాంటి టీచర్లే నేర్పాం, ఏం చేస్తాం! ఇక్కడ మాత్రం "తెలియదు" అన్నది మార్కులు పడే జవాబు.

సున్నా సంగతి కూడా అంతే. దీని దగ్గర నేను పెద్ద దెబ్బ తిన్నాను. ఒక ఏడాది వానలు బాగా పడ్డాయి. ఆ బీడు యజమాని ట్రాక్టరు పెట్టి దున్నించి పప్పుశనగ విత్తాడు. ఆయన భూమి, ఆయన ఇష్టం. నేను ఆరు సాయంత్రాలు వెళ్లాను. ఒక్కటి కూడా దిగలేదు. రెండు మూడు వచ్చి, పైన తిరిగి, వెళ్లిపోయాయి. మనసు పాడై పుస్తకం మూసేశాను. ఏమీ రాయలేదు. చాలా ఏళ్లకు ఒక పరిశోధక విద్యార్థి వచ్చి నా పుస్తకాలన్నీ తిరగేస్తూ, "సార్, ఈ ఏడాది పక్షులు రాలేదా, మీరు పోలేదా?" అని అడిగాడు. పోయాను అన్నాను. ఏ తేదీల్లో అన్నాడు. చెప్పలేకపోయాను. ఖాళీ పేజీ రెండింటికీ ఒకటే జవాబు చెప్తుంది. ఆరు సున్నాలు రాసి ఉంటే, దున్నిన తేదీ పక్కనే, ఆ పుస్తకంలో అన్నింటికంటే విలువైన పేజీ అదే అయ్యేది. బ్రౌన్ గారి సంగతి పక్కన పెట్టుకోమన్నాను కదా, అందుకే. దేనికి సాక్ష్యం కావాల్సి వస్తుందో రాసే రోజున మనకు తెలియదు.

అయితే ఒక బీట్లో సున్నా వచ్చింది కాబట్టి పక్షులు తగ్గాయని కూడా చెప్పలేం. మూడు ఊళ్ల అవతల ఇంకో బీడుకు మారి ఉండొచ్చు. అందుకే చుట్టుపక్కల తెలిసిన బీళ్లన్నింటిలో ఒకే సాయంత్రం, ఒకే సమయానికి మనుషులు కూర్చోవాలి. దీనికి మీలాంటి వాళ్లు కావాలి. నేనొక్కణ్ని ఒక గట్టునే కూర్చోగలను.

పెద్ద అంకెల మీద మోజు గురించి ఒక ముక్క. ఒక ఏడాది ఒక పేపరు విలేకరి వచ్చి అడిగితే, మంచి మనిషే, ఆ సాయంత్రం 60 వచ్చాయని చెప్పాను. మరునాడు పేపర్లో 600. చివర ఒక సున్నా ఎక్కడ చేరిందో ఆయనకూ తెలియదట. ఆ ఆదివారం కార్లు వచ్చాయి. పిల్లాపాపలతో, మిర్చి బజ్జీలతో. ఒకాయన డ్రోన్ ఎగరేశాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆ బీట్లో ఒక్క పక్షి దిగలేదు. ఆ తొమ్మిది సున్నాలు మాత్రం రాశాను, అప్పటికి బుద్ధి వచ్చింది. అందుకే ఊరి పేరు చెప్పనన్నది.

ఇప్పుడు తిండి. ఇది మీ జువాలజీ వాళ్లకు బాగా నచ్చుతుంది. పిల్లిగద్ద తిన్నదాంట్లో అరగనిది, మిడత కాళ్లు, తొండ పొలుసులు, ఈకలు, వెంట్రుకలు, ఉండగా చుట్టుకుని నోట్లోంచి కక్కేస్తుంది. తెల్లవారి అన్నీ ఎగిరిపోయాక, పొద్దెక్కిన తర్వాత వెళ్తే పడుకున్న చోట్లలో దొరుకుతాయి. బొటనవేలంత ఉంటుంది, ఎండితే బూడిద రంగు. క్లాసులో తెల్లకాగితం మీద పెట్టి, కొద్దిగా నీళ్లు చల్లి, రెండు గుండుసూదులతో విప్పించేవాణ్ని. ఒకసారి ఒక అమ్మాయి ఒక్క ఉండలోంచి మిడత దవడలు వరసగా పేర్చింది. గోధుమ రంగులో, మన గోరు విరిగిన ముక్కల్లా ఉంటాయి. కుడి దవడ, ఎడమ దవడ జతలు కట్టింది. 14 జతలు, ఒకటి ఒంటరి. కనీసం 15 మిడతలు. "సార్, మా నాయన వీటికే మందు కొడతాడు" అంది. నేనేమీ అనలేదు. క్లాసులో అందరూ రైతు బిడ్డలే.

ఈ లెక్కల్లో మనకు చెప్పుకోదగ్గ చోటు రోళ్లపాడు. ఇప్పుడు నంద్యాల జిల్లా, మిడుతూరు మండలం. ఆ మండలం పేరులోనే మిడత ఉంది కాబట్టి పిల్లిగద్దలు వచ్చాయని నేను జోకు వేస్తుంటాను. ఊరి పేరుకు అసలు అర్థం అదో కాదో పెద్దలు చెప్పాలి. బట్టమేక అనే పెద్ద గడ్డినేల పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు, 614 హెక్టార్లు. అంతకు ముందు నుంచే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహమానీ గారి బృందం అక్కడ బట్టమేకల మీద పనిచేసింది. గడ్డిని బట్టమేక కోసం కాపాడితే, అడగకుండానే పిల్లిగద్దలకు పడక దొరికింది. గుజరాత్‌లో వేళావదర్ తర్వాత మన దేశంలో హారియర్ల పడక అంటే రోళ్లపాడు పేరు చెప్పుకున్న రోజులున్నాయి. ఇప్పుడు బట్టమేక అక్కడ కనిపించడమే గగనం. హారియర్లు కూడా పలచబడ్డాయి. బెంగళూరులో ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు దేశంలో వేర్వేరు చోట్ల ముప్ఫై ఏళ్లలో జరిగిన పడకల లెక్కలన్నీ కూర్చి 2018లో ప్రచురించారు. శీతాకాలానికి వచ్చేవి తగ్గుతున్నాయనే తేలింది. ఆ కూర్పులో ఉన్నవి ఎక్కడెక్కడి వాళ్లో గట్ల మీద కూర్చుని రాసిన సాయంత్రాలే.

ఎందుకు తగ్గుతున్నాయంటే ఒక్క కారణం చెప్పలేను. అవతల అవి పుట్టే చోట ఏం జరుగుతోందో అదీ చూడాలి. ఇక్కడ నా కళ్లతో చూసింది మాత్రం, బీడు పోవడం. రెవెన్యూ రికార్డుల్లో బీడు అంటే పనికిరాని భూమి. నీళ్లొస్తే చేను, రాకపోతే ప్లాట్లు, లేకపోతే సోలార్ పలకలు. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల అనే ఊళ్ల పక్కన 1000 మెగావాట్ల సోలార్ పార్కు మీరంతా బస్సులోంచి చూసే ఉంటారు. సోలార్‌కు నేను వ్యతిరేకిని కాదు, మా మిద్దె మీద కూడా పలకలున్నాయి. ఎక్కడైనా సరే, పని మొదలుపెట్టే ముందు ఒక చలికాలం సాయంత్రాలు ఎవరినైనా అక్కడ కూర్చోబెట్టండి అంటాను. చింతగింజలకు ఖర్చు లేదు.

గొర్రెల పెద్దాయన మాట చెప్పాను కాబట్టి కడప సంగతి ఒకటి చెప్పాలి. కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న పక్షి. 1986 జనవరిలో శ్రీలంకమల దగ్గర మళ్లీ దొరికింది. వెతికింది భరత్ భూషణ్, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఆయన. రాత్రిపూట చేత్తో పట్టింది ఐతన్న, ఆ పల్లె మనిషి, పిట్టల్ని పట్టడం తెలిసినవాడు. మ్యూజియంలలో పోయిందని రాసుకున్న పక్షి గురించి ఆ అడవి అంచున అడిగితే తెలిసిన మనిషి ఉన్నాడు. మీరు ఏ బీటికి వెళ్లినా ముందు అక్కడ మేపేవాళ్లను అడగండి. "సాయంత్రం పూట గడ్డిలో దిగే గద్దలు యాడుంటాయి?" అని. మ్యాపుల్లో వెతికితే దొరకని పడకలు నాకు అలాగే మూడు దొరికాయి.

నవంబరులో మాత్రం ఒకసారి తలెత్తి కూడా చూడండి. అముర్ డేగలు, అరచేతిలో పట్టేంత పిట్టలు, 150 గ్రాములు. సైబీరియా, చైనా వైపు నుంచి బయలుదేరి నాగాలాండ్‌లో ఆగి ఉసుళ్లు తిని బలిసి, మన ద్వీపకల్పం మీదుగా, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికాకు పోతాయి. 2012లో నాగాలాండ్‌లో వలలు పెట్టి వేలకు వేలు చంపారు. మరుసటి ఏడాదే ఆ ఊళ్లవాళ్లే ఆపేశారు. 2013లో మూడింటికి ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలితే, అందులో ఒకటి అయిదున్నర రోజుల్లో ఆగకుండా ఆఫ్రికా చేరింది. వాటిని లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. చాలా ఎత్తులో పోతాయి. ఒకే ఒకసారి, సాయంత్రం, తూనీగలు గుంపులుగా ఎగురుతున్న రోజు, ఒక 30 దాకా కిందికి దిగి చూపించి పోయాయి. అది లెక్కలో రాశాను గానీ అది అదృష్టం, లెక్క కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: నేల మీద పడుకుంటే నక్కలు తినేయవా సార్?)

అప్పుడప్పుడు పట్టుకుంటాయి. ఉదయం ఈకల కుప్ప ఒకటి రెండుసార్లు చూశాను. బహుశా అందుకే గుంపుగా పడుకుంటాయి. ఒకటి లేచిందంటే అన్నీ లేస్తాయి. నక్క వచ్చి అన్నీ ఒక్కసారిగా లేస్తే మీ లెక్క కూడా పోతుంది. అప్పుడు ఎన్నింటికి లేచాయో రాసి, అవి మళ్లీ సర్దుకునే దాకా ఆగాలి. తిరిగి దిగినవాటిని మళ్లీ కలపకూడదు, అవి గీత దాటి బయటికి పోతే తప్ప.

(ఒక విద్యార్థి: మా ఊళ్లో కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేవి ఇవేనా?)

కాదు నాయనా. కోడిపిల్లను ఎత్తుకుపోయేది ఎక్కువగా ఊరి గద్ద, తోక చీలి ఉంటుంది. లేకపోతే డేగ. పిల్లిగద్ద ఇళ్ల మధ్యకు రాదు. హాక్ మౌంటెన్ మీద కాల్చిన వాళ్లదీ ఇదే కోపం, ఏ గద్దదో చూడకుండా.

(ఇంకొకరు: బైనాక్యులర్ లేకపోతే?)

పది మందికి మూడుంటే చాలు. గీత దాటిందా లేదా అన్నది మామూలు కంటికి తెలుస్తుంది. జాతి చెప్పేవాడి దగ్గర ఒకటి ఉంటే సరి. మిగతావాళ్లు గింజలు మార్చండి.

సరే. వచ్చే శనివారం చిత్త కార్తె నడుస్తుంటుంది. ఆర్టీసీ బస్టాండులో నందికొట్కూరు బస్సులు ఆగే చోట మధ్యాహ్నం రెండున్నరకు ఉండండి. తెల్ల చొక్కాలు వద్దు, అత్తరు కొట్టుకున్నా పర్వాలేదు, వాటికి వాసన పట్టింపు లేదు. నీళ్లు తెచ్చుకోండి. ఫోన్లు సైలెంట్‌లో. పన్నెండు మందికి మించి వద్దు, మిగతావాళ్లు ఆ పై శనివారం. జేబులు ఒకసారి చూసుకుని రండి. చింతగింజలు నేను తెస్తాను.